సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేస్తే టైమ్ ఎక్కడ పోతుంది

సొంతంగా సిస్టమ్ బిగించుకుందామనుకునేవాళ్ళు ముందు అడిగేది "ఎంతసేపు పడుతుంది?" అనే. స్క్రూడ్రైవర్ పట్టుకుని చేసే పని వరకే లెక్కేస్తే చేయి తిరిగినవాళ్ళకు రెండు మూడు గంటలు, మొదటిసారి చేసేవాళ్ళకు ఐదారు గంటలు. మొత్తం శ్రమలో అది చిన్న వాటా. పార్టులు ఎంచుకుని కొనేదాకా గడిచే రోజులు ఒకవైపు, బిగించాక బయోస్ (మదర్‌బోర్డులో ఉండి సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్), విండోస్, టెస్టింగ్ మరోవైపు. అసలు టైమంతా అక్కడే పోతుంది. వీడియోల్లో ఇరవై నిమిషాల్లో అయిపోయినట్టు చూపించేది మధ్యలో ఉన్న ముక్క మాత్రమే.

చెప్పేది గాల్లో ఉండకుండా ఒక మామూలు సిస్టమ్ అనుకుందాం. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బి650 చిప్‌సెట్ ఉన్న మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) మదర్‌బోర్డు, 16 జీబీ డిడిఆర్5 ర్యామ్ స్టిక్కులు రెండు, 1 టీబీ ఎన్‌విఎంఈ ఎస్ఎస్‌డి, ఆర్‌టిఎక్స్ 5060 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల ఎస్ఎంపిఎస్ (అన్నిటికీ కరెంటిచ్చే డబ్బా), ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్. ఇంటెల్ తీసుకున్నా పని వరస ఇదే, సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) దగ్గర కొద్ది తేడా తప్ప.

ఎంపికలో ఎక్కువ టైమ్ తినేది "ఏది బెస్ట్" అన్న వెతుకులాట. నిజానికి చూడాల్సింది ఏది దేనికి సరిపోతుందన్నది. 7600 ఏఎం5 సాకెట్‌ది, దానికి డిడిఆర్5 ర్యామే పడుతుంది. ఇంట్లో ఉన్న పాత డిడిఆర్4 స్టిక్కులు పనికిరావు, స్లాట్‌లో గాడి కూడా వేరే చోట ఉంటుంది. టవర్ కూలర్ (ప్రాసెసర్ మీద నిలువుగా నిలబడే ఎత్తైన కూలర్) కొంటే దాని ఎత్తు చూడాలి. 155 నుంచి 160 మిల్లీమీటర్ల కూలర్లు చాలా ఉన్నాయి, చిన్న క్యాబినెట్లలో అవి పెట్టాక సైడ్ ప్యానెల్ మూతపడదు. గ్రాఫిక్స్ కార్డు పొడవూ అంతే. క్యాబినెట్ స్పెసిఫికేషన్లలో ఈ రెండు అంకెలూ ఇస్తారు, కొనేముందు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. పిసి పార్ట్ పికర్ లాంటి సైటులో లిస్టు వేస్తే సాకెట్, ర్యామ్ తేడాలు అదే పట్టేస్తుంది, ఆ ఒక్క పనికి దాన్ని నమ్మొచ్చు. ధరలు మాత్రం షాపులో అడగాల్సిందే.

ఎస్ఎంపిఎస్ దగ్గర వాట్ల అంకె చూసి మోసపోయేవాళ్ళు ఎక్కువ. దాని పక్కన అతికించిన లేబుల్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. పెద్ద అక్షరాల్లో 500 వాట్లని రాసి, ఆ గడిలో 25 ఆంపియర్లే ఉంటే ప్రాసెసర్‌కీ కార్డుకీ అందేది 300 వాట్లే. ఈ రెండూ తినేది 12 వోల్టుల లైన్ నుంచే కాబట్టి మిగతా అంకెలు లెక్కలోకి రావు. మన సిస్టమ్ లెక్క ఇలా ఉంటుంది: ప్రాసెసర్ గరిష్ఠంగా 88 వాట్లు, కార్డు 145 వాట్లు, బోర్డు, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డి, యుఎస్‌బికి తగిలించినవి కలిపి మరో అరవై డెబ్బై. మూడు వందలకు అటూఇటూ. మంచి కంపెనీ 550 వాట్ల ఎస్ఎంపిఎస్ బ్రహ్మాండంగా లాగుతుంది. 850 అక్కర్లేదు, పేరు తెలియని 600 అసలే వద్దు. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా ఇచ్చే ఎస్ఎంపిఎస్‌ని గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌కి తగిలించొద్దు.

హైదరాబాద్‌లో పార్టులంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సిటిసి, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్. బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఎలాగో ఇక్కడ ఇదలాగ. షాపుకెళ్ళి "అరవై వేలలో సిస్టమ్ కావాలి" అనకూడదు. లిస్టు చేతికిచ్చి, పార్టు పార్టుకీ విడివిడిగా ధర రాయించుకోవాలి. ప్రాసెసర్ మీద ఐదొందలు తగ్గించి బోర్డు మీద రెండు వేలు రాబట్టుకోవడం వ్యాపారంలో మామూలే, మొత్తం అంకె చూస్తే అది కనపడదు. బోర్డుకి చిప్‌సెట్ పేరొక్కటే సరిపోదు, మోడల్ నంబరు చివరి అక్షరం దాకా రాయాలి. ఒకే కంపెనీ బి650 పేరుతో నాలుగైదు రకాలు అమ్ముతుంది. వైఫై ఉన్నదీ లేనిదీ, ర్యామ్ స్లాట్లు రెండున్నదీ నాలుగున్నదీ. "అది స్టాక్ లేదు సార్, ఇది తీస్కోండి, సేమే" అన్నప్పుడు ఆ సేమ్‌లో ఏం తగ్గిందో ఫోన్లో చూసుకునే ఓపిక ఉండాలి. బాక్స్ లేని ట్రే ప్రాసెసర్ కాస్త తక్కువకు వస్తుంది కానీ దానికి కంపెనీ ఇచ్చే మూడేళ్ళ వారంటీ ఉండదు, కూలర్ కూడా రాదు.

బిల్లు 18 శాతం జీఎస్టీతో, దాని మీద సీరియల్ నంబర్లతో ఉండాలి. ఇంటికి వచ్చాక కాదు, కౌంటర్ దగ్గరే బాక్సు మీది నంబరుతో సరిచూడాలి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పార్సెల్ సీలు కోసే దగ్గర్నుంచి ఆపకుండా వీడియో తీసి పెట్టుకోండి. ఎస్ఎస్‌డి బాక్సులో ఇంకేదో వచ్చినప్పుడు మన మాటకు సాక్ష్యం అదొక్కటే. ఇంకోటి, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగిపోయాయి. మెమరీ తయారుచేసేవాళ్ళు ఏఐ సర్వర్ల వైపు మళ్ళడమే కారణం. తగ్గుతాయేమోనని నెలల తరబడి ఎదురుచూడటం కూడా ఈ పనిలో టైమ్ తినే ఖాతాల్లో ఒకటైంది. అన్ని పార్టులూ ఒకేసారి కొనడమే మంచిది. బోర్డు కొని ర్యామ్ కోసం రెండు నెలలు ఆగితే, బోర్డులో లోపం బయటపడేసరికి రీప్లేస్‌మెంట్ గడువు దాటిపోతుంది, సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగడం మొదలవుతుంది.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. నంబర్ 2 స్టార్ స్క్రూడ్రైవర్, కొనలో అయస్కాంతం ఉన్నది. ఎస్ఎస్‌డి స్క్రూకి చిన్న స్టార్ ఇంకొకటి. కేబుల్ టైలు, స్క్రూలు వేసుకోవడానికి రెండు చిన్న గిన్నెలు. గిన్నెలు రెండెందుకంటే క్యాబినెట్‌తో వచ్చే పొట్లంలో మరలు రెండు రకాలు కలిసి ఉంటాయి. 2.5 అంగుళాల డ్రైవ్‌లకీ, చాలా క్యాబినెట్లలో బోర్డుకీ పట్టేవి సన్నమర ఎం3, ఎస్ఎంపిఎస్‌కీ హార్డ్‌డిస్కుకీ పట్టేవి ముతకమరవి. ముతకమర స్క్రూని ఎం3 స్టాండాఫ్‌లో (క్యాబినెట్‌లో బోర్డుని ఎత్తి పట్టే చిన్న గుబ్బలో) బలవంతంగా తిప్పితే మర కొట్టుకుపోతుంది, తర్వాత బోర్డు విప్పాలంటే స్టాండాఫ్‌తో సహా తిరుగుతూ ఉంటుంది. స్టాటిక్ (ఒంటి మీద పేరుకునే కరెంటు) గురించి మరీ భయపడనక్కర్లేదు. కార్పెట్ మీద, ఉన్ని బట్టలతో చేయకుండా, మధ్యమధ్యలో క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి ఆనిస్తూ ఉంటే చాలు.

బోర్డుని క్యాబినెట్‌లో పెట్టకముందే, దాని అట్టపెట్టె మీద పెట్టి ప్రాసెసర్, కూలర్, ర్యామ్, ఎస్ఎస్‌డి బిగించేయాలి. బోర్డుతో వచ్చే వెండిరంగు కవరు మీద పెట్టొద్దు, దాని పైపొర కరెంటు పారేలా ఉండొచ్చు. ప్రాసెసర్ పెట్టే ఒక్క నిమిషం మాత్రం ఇంట్లో ఎవరూ పలకరించకుండా చూసుకోండి. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, సాకెట్‌లో ఉంటాయి. 1718 పిన్నులు, వెంట్రుకల్లాంటివి. లీవర్ కొద్దిగా కిందికి నొక్కి పక్కకు లాగితే లేస్తుంది, ఇనుప చట్రం తెరవండి. ప్రాసెసర్ అంచులు పట్టుకుని, మూలనున్న బంగారు త్రికోణం సాకెట్ మీది త్రికోణంతో కలిసేలా, పైనుంచి నిలువుగా దించండి. జరపకూడదు, నొక్కకూడదు, గాడులు కలిస్తే దానంతటదే కూర్చుంటుంది. చట్రం మూసి లీవర్ దించేటప్పుడు గట్టిగా నొక్కాల్సి వస్తుంది, కరకరమని చప్పుడు కూడా వస్తుంది. అది మామూలే. నల్లటి ప్లాస్టిక్ మూత అప్పుడు పైకి ఎగిరి వస్తుంది. దాన్ని పారేయొద్దు. సాకెట్ మూత లేకుండా బోర్డు తీసుకెళితే వారంటీ దగ్గర పేచీ పెడతారు.

7600తో వచ్చే రైత్ స్టెల్త్ కూలర్ చాలామందిని కాసేపు ఆపేస్తుంది. సాకెట్‌కి రెండు వైపులా ప్లాస్టిక్ బ్రాకెట్లు ముందే బిగించి ఉంటాయి, అవి కొక్కెం తగిలించే కూలర్ల కోసం. ఈ కూలర్ నాలుగు స్క్రూలతో బిగించే రకం కాబట్టి ముందు ఆ బ్రాకెట్లు విప్పేయాలి. పాత ఏఎం4లో అవి విప్పితే వెనకున్న ప్లేటు ఊడి కింద పడేది, ఏఎం5లో అది సాకెట్‌కే బిగించి ఉంటుంది కనుక ఆ బాధ లేదు. కూలర్ అడుగున, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే థర్మల్ పేస్ట్ పూసే వస్తుంది, మళ్ళీ పూయనక్కర్లేదు, వేలితో తాకకూడదు. నాలుగు స్క్రూలనూ ఎదురెదురు మూలల వరసలో, ఒక్కోదాన్ని రెండు మూడు చుట్లు తిప్పుతూ బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించేసి రెండో మూలకు వెళితే కూలర్ వాలిపోయి పేస్ట్ ఒక పక్కకు జరిగిపోతుంది. అప్పుడు పేరుకి అన్నీ బిగించినట్టే ఉంటుంది, ఉష్ణోగ్రత మాత్రం 95 డిగ్రీలకు కొట్టుకుంటుంది. ఫ్యాన్ వైరు సిపియు ఫ్యాన్ అని రాసిన పిన్నులకే పెట్టాలి, లేకపోతే ఆన్ చేసినప్పుడు బోర్డు ఎర్రర్ చూపిస్తుంది.

నాలుగు స్లాట్ల బోర్డులో ర్యామ్ స్టిక్కులు రెండే అయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి. మొదటి రెండు స్లాట్లలో పక్కపక్కన పెడితే డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేయడం) పోతుంది. చాలా బోర్డుల్లో ఇప్పుడు క్లిప్పు ఒకవైపే ఉంటుంది, అందుకని క్లిప్పు లేనివైపు పూర్తిగా దిగిందో లేదో తెలియదు. రెండు చివరలా బొటనవేళ్ళతో, బోర్డు కాస్త వంగుతుందేమో అన్నంత గట్టిగా నొక్కాలి. డిస్‌ప్లే రావట్లేదని పిలిస్తే వెళ్ళి చూసినవాటిలో ఎక్కువసార్లు కారణం సగం దిగిన ర్యామే. ఎస్ఎస్‌డిని ప్రాసెసర్‌కి దగ్గరున్న ఎం.2 స్లాట్‌లో ఏటవాలుగా దూర్చి, పడుకోబెట్టి స్క్రూ బిగించాలి. పైన వేసే హీట్‌సింక్ అడుగున పలుచని ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది, దాన్ని పీకకుండా బిగించేవాళ్ళు చాలామంది. పొర ఉంటే వేడి హీట్‌సింక్‌కి సరిగా చేరదు.

ఈ దశలోనే ఒకసారి కరెంటిచ్చి చూసుకోవడం మంచి అలవాటు. 7600లో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంది కాబట్టి కార్డు లేకుండానే బోర్డు హెచ్‌డీఎంఐకి మానిటర్ తగిలించి చూడొచ్చు. 7500ఎఫ్‌లోనూ, ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉన్నవాటిలోనూ ఆ వీలుండదు. కొన్ని వందలో వేయో మిగులుతాయని ఎఫ్ కొంటే, రేపు కార్డు చెడిందో బోర్డు చెడిందో తేల్చుకోవడానికి ఇంకో కార్డు అరువు తెచ్చుకోవాలి. ఆన్ చేయడానికి 24 పిన్నుల కేబులూ, ప్రాసెసర్‌కి ఇచ్చే 8 పిన్నుల కేబులూ పెట్టి, పవర్ స్విచ్ అని ఉన్న రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపితే చాలు.

ఇక్కడ తొందరపాటు కొంప ముంచుతుంది. డిడిఆర్5 బోర్డు మొదటిసారి ఆన్ అయినప్పుడు మెమరీ ట్రైనింగ్ చేసుకుంటుంది, అంటే ర్యామ్‌కి ఏ టైమింగులు సరిపడతాయో తనే పరీక్షించి చూసుకుంటుంది. అంతసేపూ ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ నల్లగా ఉంటుంది, బోర్డు మీద డిర్యామ్ లైటు వెలుగుతూ ఉంటుంది. ఒక నిమిషం పట్టొచ్చు, ఐదు నిమిషాలు దాటొచ్చు, ర్యామ్ ఎక్కువైతే ఇంకా ఎక్కువ. ఏదో పోయిందనుకుని ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తే ట్రైనింగ్ మొదటికొస్తుంది. పదిహేను నిమిషాలు దాన్ని వదిలేసి టీ తాగి రండి. అప్పటికీ రాకపోతే ఒక్క స్టిక్కుతో రెండో స్లాట్‌లో ప్రయత్నించాలి. సిపియు లైటు వెలుగుతుంటే ముందు 8 పిన్నుల కేబుల్ చూడాలి, అది పెట్టకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

డిస్‌ప్లే వచ్చాక క్యాబినెట్ పని. స్టాండాఫ్‌లు బోర్డు రంధ్రాలకు సరిగ్గా కింద ఉండాలి. పెద్ద సైజు ఏటీఎక్స్ బోర్డు కోసం ముందే బిగించినది ఒకటి మైక్రో ఏటీఎక్స్ బోర్డు కింద మిగిలిపోతే అది వెనకవైపు సోల్డర్‌కి తగిలి షార్ట్ అవుతుంది. ఐఓ షీల్డ్ (వెనక పోర్టుల చుట్టూ వచ్చే రేకు) విడిగా వస్తే దాన్ని బోర్డుకంటే ముందు పెట్టాలి. ప్రాసెసర్ కేబుల్‌ని పై మూల నుంచి ముందే లాగి ఉంచుకోండి, ఫ్యాన్లు బిగించాక అక్కడ చెయ్యి దూరదు. గ్రాఫిక్స్ కార్డుకిచ్చే 8 పిన్నుల కేబులూ ప్రాసెసర్‌దీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ ప్లస్సూ మైనస్సూ తారుమారు. ఒకటి ఇంకోదాంట్లో పట్టకపోతే బలవంతపెట్టొద్దు. మాడ్యులర్ (కేబుళ్ళు ఊడదీసే రకం) ఎస్ఎంపిఎస్ అయితే పాత ఎస్ఎంపిఎస్ కేబుళ్ళు కొత్తదానికి వాడనే వాడకండి. బోర్డువైపు చివర ఒకేలా ఉన్నా ఎస్ఎంపిఎస్‌వైపు పిన్నుల వరస కంపెనీ కంపెనీకీ వేరు. ఎస్ఎస్‌డిలు, హార్డ్‌డిస్కులు కాలిపోయేది ఇలాగే.

ముందు ప్యానెల్ నుంచి వచ్చే సన్న వైర్లు మొత్తం పనిలో చిరాకైనవి. మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ ఫోటో తీసి ఫోన్లో పెద్దది చేసుకోండి. స్విచ్‌లకు ప్లస్ మైనస్ తేడా లేదు, లైట్లకు ఉంది, తిరగబడితే లైటు వెలగదు, అంతకుమించి నష్టమేమీ లేదు. ఫ్యాన్ల గాలి ఎటు పోతుందో తేల్చుకోవడం సులువు: మోటారుని పట్టుకున్న కమ్మీలు కనిపించేవైపుకే గాలి వస్తుంది. ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి. గ్రాఫిక్స్ కార్డు పెట్టాక మానిటర్ కేబుల్ కార్డుకి మార్చడం మర్చిపోకండి. వెనక వాడని స్లాట్ల రేకులు తీసేసి అలాగే వదిలేయకండి, మన ఇళ్ళలో బల్లి దూరడానికి ఆ సందు చాలు. వైర్లు వెనక్కి లాగి టైలు వేయడానికే గంట పడుతుంది. అందం కోసం కాదు గానీ, వేలాడే వైరు ఫ్యాన్‌లో పడకుండా ఉండాలంటే ఆ గంట పెట్టాల్సిందే.

బయోస్‌లోకి వెళ్ళి ముందు వర్షన్ చూడండి. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డి ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాక సాక్ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందే వోల్టేజీని) 1.3 వోల్టులు దాటకుండా బయోస్ అప్‌డేట్లు ఇచ్చారు. షాపులో ఏళ్ళ తరబడి పడున్న బోర్డు అయితే అంతకన్నా పాత బయోస్‌తో ఉండొచ్చు. రైజెన్ 9000 కొంటే పాత బయోస్‌తో అసలు డిస్‌ప్లే రాదు, అందుకే బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు తీసుకోమంటాను. ఎఫ్ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఫైలు పెట్టి, చెప్పిన పేరు మార్చి, బటన్ నొక్కితే ప్రాసెసర్ లేకుండానే అప్‌డేట్ అవుతుంది. లైటు మిణుకుమనడం ఆగేదాకా కరెంటు పోకూడదు, మన ఊళ్ళలో ఆ పనికి యూపీఎస్ తప్పనిసరి. ఆ తర్వాత ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయాలి. అది చేయకపోతే 6000 అని రాసున్న ర్యామ్ చాలాసార్లు 4800 వేగంతోనే నడుస్తుంది, డబ్బులు పెట్టింది మాత్రం 6000కి. ఆన్ చేశాక మళ్ళీ ట్రైనింగ్, మళ్ళీ నల్ల స్క్రీన్.

విండోస్ ఎక్కించడం ఇరవై నిమిషాల పని. 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ చాలు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కాబట్టి 11నే వేయాలి. పాత డ్రైవ్‌లు ఉంటే ఇన్‌స్టాల్ అయ్యేదాకా తీసి పక్కన పెట్టండి. లేకపోతే విండోస్‌ని లేపే బూట్ పార్టిషన్ పాతదాంట్లోకి పోయి, రేపు అది తీసేసిన రోజు విండోస్ లేవదు. ల్యాన్, వైఫై డ్రైవర్లు బోర్డు కంపెనీ సైటు నుంచి అదే పెన్‌డ్రైవ్‌లో ముందే వేసుకోవాలి. కొత్త ల్యాన్ చిప్‌లను సెటప్ గుర్తుపట్టక నెట్ అడిగే దగ్గర ఆగిపోవడం తరచూ జరిగేదే. ఇంటెల్ బోర్డుల్లో ఎస్ఎస్‌డి కనిపించకపోతే విఎండి (ఇంటెల్ స్టోరేజ్ కంట్రోలర్) డ్రైవర్ ఇవ్వాలి, లేదా బయోస్‌లో విఎండి ఆపాలి.

టెస్టింగ్ ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ. సొంతంగా బిగించుకోవడంలో అసలు లాభం ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే షాపుల్లో డిస్‌ప్లే వచ్చి విండోస్ ఎక్కితే పని అయిపోయినట్టే లెక్క. టెస్ట్ చేసే ఓపిక లేకపోతే షాపులోనే బిగించుకోండి, చార్జీ పెద్దగా ఉండదు. ర్యామ్‌కి మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడపాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ముందు ఎక్స్‌పో తీసి మళ్ళీ చూడాలి. అప్పుడు శుభ్రంగా ఉంటే వేగం 5600కి తగ్గించి ప్రయత్నించొచ్చు, ఎక్స్‌పో లేకుండా కూడా ఎర్రర్ వస్తే స్టిక్కులు విడివిడిగా పెట్టి చూసి, చెడ్డది తేలాక రీప్లేస్‌మెంట్‌కి తీసుకెళ్ళాలి. ప్రాసెసర్‌ని పూర్తిగా పనిలో పెట్టే సినీబెంచ్ అరగంట నడిపి, పక్కన హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ప్రోగ్రామ్‌లో ఉష్ణోగ్రత చూడాలి. డిసెంబర్‌లో 80 చూపించి మురిసిపోకండి. గది 27 నుంచి 40కి ఎక్కితే లోపల కూడా దాదాపు అంతే పెరుగుతుంది, మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో అదే సిస్టమ్ 95 దగ్గర వేగం తగ్గించుకుంటుంది. రైత్ స్టెల్త్‌తో ఎండాకాలం సర్దుకుపోవచ్చు, రోజంతా వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళు మాత్రం టవర్ కూలర్ తీసుకోవాలి.

చివరగా గోడ దగ్గరి ప్లగ్గు. క్యాబినెట్ మీద చెయ్యి పెడితే జిల్లుమంటే, టెస్టర్ పెడితే సన్నగా వెలిగితే, ఎస్ఎంపిఎస్ చెడిందని మార్చొద్దు. ఎస్ఎంపిఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ ఎర్త్‌కి కలిపి ఉంటాయి. ఎర్త్ వైరు లేని ఇంట్లో క్యాబినెట్ మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా తేలుతుంది. కరెంటు చాలా తక్కువే కానీ యుఎస్‌బి, హెచ్‌డీఎంఐ పోర్టులు పోవడానికి అది చాలు. అద్దె ఇళ్ళలో మూడో రంధ్రం ఉన్నా వెనక వైరు లేకపోవడం మామూలు. మల్టీమీటర్‌తో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా వస్తే సరిగ్గా ఉన్నట్టు. యూపీఎస్ విషయానికొస్తే 600 విఏ అంటే చాలా మోడళ్ళలో 360 వాట్లే. మన సిస్టమ్ గేమ్ ఆడుతూ 300 లాగుతుంటే, మానిటర్ కూడా దానికే ఉంటే, కరెంటు పోయాక సేవ్ చేసి ఆపుకునే వ్యవధి తప్ప ఇంకేం దొరకదు. అంతకన్నా ఎక్కువ కావాలంటే 1000 విఏ తీసుకోవాలి, లేదా ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది అయితే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టుకోవాలి.